గెడ వెయ్యని తలుపు

మన రంగూన్ తెలుగు సంఘం సంచికకి ఉద్యోగ అనుభవం ఒకటి రాసి ఇమ్మని అడిగినప్పుడు, అసలు నాది ఉద్యోగమేనా అన్న అనుమానం ముందుగా వచ్చింది. మనవాళ్ళలో రైల్వేలో చేసినవాళ్ళున్నారు, రేవులో గుమాస్తాలుగా చేసినవాళ్ళున్నారు, బడిపంతుళ్ళున్నారు. నేను ఇరవై ఆరేళ్ళు ఒక కంట్రీ పాటల బ్యాండులో స్టీల్ గిటారు వాయించాను. హాజరు పట్టీ లేదు, సెలవు చీటీ లేదు, పింఛను అంతకన్నా లేదు. అయినా ఏడాదిలో ఆరునెలలు ఇల్లు వదిలి తిరిగినవాడి పనిని ఉద్యోగం కాదంటే ఇంకేమనాలో నాకు తెలియదు.

రాయడానికి ఒప్పుకున్నది మాత్రం ఇంకో కారణం మీద. ఆదివారాలు నా దగ్గరికి గిటారు నేర్చుకోవడానికి వస్తున్న మీరందరూ ఏదో ఒకరోజు ఆ పాట సంగతి ఎత్తుతారు. "అంకుల్, అది నువ్వు రాసిందేనంట కదా, ఎలాగ రాసినావు?" అంటారు. కొండల్లో మంచు కురుస్తుంటే వచ్చిందని ఒకరికి చెప్పాను. ఐరావతి నది మీద పడవలో వచ్చిందని ఇంకొకరికి చెప్పాను. రెండూ అబద్ధాలే. మీకు తెలుగు మాట్లాడటం కన్నా అర్థం చేసుకోవడం ఎక్కువ వచ్చు కాబట్టి, నిజం తెలుగులోనే రాస్తున్నాను. నిదానంగా చదువుకోండి.

మా తాత సిక్కోలు వైపు నుంచి వచ్చి రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మోశాడు. మా నాన్న రంగూన్‌లోనే తాకేటా పేటలో సైకిళ్ళు బాగుచేసేవాడు. నాకు గిటారు మా వీధి చివరి చర్చిలో అంటుకుంది. అక్కడి కరెన్ తెగ కుర్రాళ్ళు అమెరికా పల్లెపాటల వరసలకి బర్మా మాటలు కట్టి పాడేవారు. గిటారు, బాంజో, ఫిడేలు, హార్మోనికా ఉండేవి. వదిలి వచ్చిన ఊరు, ఎదురుచూసే పిల్ల, ఎంత నడిచినా ఇంటికి చేరని దారి, ఆ పాటల్లో ఇవే. ఇక్కడ దాన్నంతా కలిపి కంట్రీ అనేస్తారు. నాకు అందులో ఒళ్ళో పడుకోబెట్టి, ఇనప కడ్డీని తీగల మీద జరుపుతూ వాయించే గిటారు నచ్చింది. అది మనిషి మూలిగినట్టు పలుకుతుంది.

ఆ చర్చిలో ఫిడేలు వాయించే ఆయనే నన్ను బ్యాండులో చేర్చాడు. నాకన్నా పదేళ్ళు పెద్ద. తక్కువ మాట్లాడేవాడు. మొత్తం ఎనిమిది మందిమి. మా పెద్దని అందరం సయా అని పిలిచేవాళ్ళం, అంటే గురువుగారు. వానలు ఆగి దీపాల పండగ వెళ్ళగానే బయల్దేరి, ఏప్రిల్లో నీళ్ళ పండగ దాకా పగోడా తిరునాళ్ళు తిరిగేవాళ్ళం. షాన్ కొండలు, ఎండ ప్రాంతం, డెల్టా పల్లెలు, మోన్ వైపు. వానాకాలమంతా ఇంట్లో. ఇల్లు వదిలి రావడం గురించి పాడి బతకాలంటే ఇల్లు వదలాలి మరి. ఆ మాట అని నవ్వుకునేవాళ్ళం. అప్పట్లో అది మాకు హాస్యం.

మా ఆవిడది గంజాం నుంచి వచ్చిన కుటుంబం. ఇంట్లో తెలుగు, ఒడియా రెండూ మాట్లాడేవారు. మింగళాడోన్ పారిశ్రామిక వాడలో ఒక బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసేది. తాకేటా నుంచి అక్కడికి ఊరు ఈ చివర నుంచి ఆ చివర దాకా వెళ్ళాలి. తెల్లవారకముందే ఫ్యాక్టరీ బస్సు ఎక్కేది, చీకటిపడ్డాక దిగేది. పెళ్ళయిన కొత్తలో నేను ప్రయాణమవుతుంటే వీధి మలుపు దాకా వచ్చేది. తరవాత గుమ్మం దాకా. ఆ తరవాత చేతిలో పని వదలకుండానే "ఎల్లొచ్చీ" అనేది. అలవాటు పడింది, మంచిదే అనుకున్నాను. ఆ మార్పుకి ఇంకో అర్థం ఉండొచ్చని నాకు తట్టలేదు. ఆరునెలలు ఆమెకి, ఆరునెలలు పాటకి, సరిగ్గా సగం సగం పంచాననుకుని గర్వపడేవాడిని. పంచినవాడిని నేనే, పాళ్ళు సరిపోయాయని తేల్చినవాడినీ నేనే.

మొదట్లో ఆదివారం మధ్యాహ్నం మా వీధి కిరాణా కొట్టుకి ఫోను చేస్తే ఆమెని పిలిచేవారు. కొట్లో నలుగురు వింటుండగా ఏం మాట్లాడుతుంది? "తిన్నావా, తిన్నాను" అంతే. తరవాత సెల్‌ఫోన్లు అందరి చేతుల్లోకీ వచ్చాయి. మా పెళ్ళయి పదేళ్ళు దాటాక, ఆమె నాతో ఒంటరిగా, ఫోనులో, మనసులో మాట చెప్పడం మొదలుపెట్టింది. ముఖాముఖిగా ఎప్పుడూ చెప్పని మాటలు ఫోనులో చెప్పేది.

ఒక ఆదివారం పొద్దున్న మేము షాన్ కొండల్లో ఒక చిన్న ఊళ్ళో ఉన్నాం. నేను టీ కొట్టు బయట బల్ల మీద కూర్చుని ఫోను చేశాను. కాసేపు మామూలు మాటలు అయ్యాక ఆమె ఇలా అంది.

"ఈమద్దిన తలుపు గెడ ఎయ్యడం మానేసినాను."

"అదేటి? భయం నేదా?"

"నువ్వొత్తావని కాదు. డూటీ నుంచొచ్చి సాప మీద పడితే మరి లెగబుద్ది అవడం నేదు. ఎవుడొత్తే నాకేటి, ఏటి పట్టుకెల్తాడులే అనిపిస్తంది. ఇంటన్నావా?"

వింటున్నాను. కానీ ఆమెని కాదు. "గెడ వెయ్యలేదు" అన్న మాట బర్మా భాషలోకి మారి, దాని వెనకే ఒక వరస కట్టుకుని నా చెవిలో మోగడం మొదలైంది. అది పోతుందేమోనని కంగారు పడ్డాను.

"ఇంకో మాట సెప్పాల నీకు," అంది ఆమె.

"ఒక్క నిమిషం ఆగు," అన్నాను. ఫోను బల్ల మీద పెట్టి, జేబులో ఉన్న సిగరెట్టు పెట్టె చింపి, దాని వెనక ఆ మాటలు రాసుకున్నాను. ఒక నిమిషం కాదు, మూడు నాలుగు పట్టి ఉంటుంది. మళ్ళీ ఫోను ఎత్తి, "ఆ, ఏటి చెప్పు," అన్నాను.

"ఏటీ నేదు. మరిసిపోనాను," అంది.

సాయంత్రానికి పాట పూర్తయింది. ఆమె మాటల్లో అలసట ఉంది. అలసట మీద పాట నిలబడదు. అందుకని కొంచెం మార్చాను. పాటలో ఆ అమ్మాయి తన మనిషి ఏ వేళ వచ్చినా బయట నిలబడకూడదని గెడ వెయ్యకుండా పడుకుంటుంది. ఇల్లు నిజంగా కనపడాలని తాకేటాలో వాగు పక్క సందు పెట్టాను. మా నీలం రంగు తలుపు పెట్టాను. ఫ్యాక్టరీ బస్సు దిగి నడిచి వచ్చే అమ్మాయిని పెట్టాను.

సయాకి వినిపిస్తే లేచి నా భుజం తట్టాడు. ఫిడేలాయన మాత్రం రెండోసారి పాడమని విని, "తలుపు ఉండనీ. రంగు తీసెయ్. సందు పేరు తీసెయ్," అన్నాడు. ఆయన మాట్లాడింది బర్మా భాషలో. బ్యాండులో అందరి మాటా అదే.

"ఎందుకు? కంట్రీ పాటకి నిజమే కదా బలం," అన్నాను.

"పాటకి సరే," అని ఊరుకున్నాడు. ఆయన ఇంకొంచెం మాట్లాడే రకం అయితే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. ఆయన మాట్లాడినా నేను వినేవాడిని కాదని ఇప్పుడు తెలుసు.

మా గాయకుడు రంగూన్‌లోనే సంచౌంగ్ పేట కుర్రాడు, అందగాడు. అతని గొంతులో ఆ పాట నిప్పులా అంటుకుంది. రెండు నెలల్లో టీ కొట్లలో అదే, ఊళ్ళకి వెళ్ళే బస్సుల్లో అదే. తిరునాళ్ళలో మేము మొదలుపెట్టకముందే జనం పాడేసేవారు. నేను ఇంటికి ఫోను చెయ్యడం తగ్గింది. చేసినప్పుడు ఒకసారి ఆమే అడిగింది.

"ఆ పాట నాదేనా?"

"నీదే," అన్నాను, బహుమతి చేతిలో పెడుతున్నట్టు. "బాగున్నాదా?"

"అందరూ పాడతన్నారు," అంది. పొగడ్త అనుకున్నాను.

ఇక ఆ రోజు సంగతి. పై ఊళ్ళ తిరుగుడు ముగించుకుని దక్షిణానికి వెళ్ళే ముందు, మింగళాడోన్‌లో ఫ్యాక్టరీల పక్కన ఖాళీ మైదానంలో ఒక పగటి కచేరీ ఒప్పుకున్నాం. సెలవు రోజు. కుట్టుపని ఆడపిల్లలు, గోదాముల మగవాళ్ళు, బారక్సుల కుటుంబాలు, అందరూ వచ్చారు. మేము బండి దిగి నేరుగా మైదానానికే వెళ్ళాం. ఆమెని రమ్మని ముందే చెప్పాను. ముందు వరసలో కుర్చీ ఉంచాను. ఆమెకి తెలియకుండా గాయకుడితో ఒక ఏర్పాటు కూడా చేసుకున్నాను.

పది గంటలకి ఆమె అన్నం క్యారేజీతో వేదిక వెనక్కి వచ్చింది. మూడు నెలలకి చూడటం. చిక్కింది. బుగ్గలకి తనకా గంధం పూసుకుంది గానీ కళ్ళ కింద నలుపు దాగలేదు. కుడి మణికట్టుకి గుడ్డ కట్టు ఉంది.

"ఏటది?" అన్నాను. "మిషనుకి తగిలిందా?"

"నీతో మాటాడాల. ఓ పావుగంట."

అప్పటికి తీగలు సరిచూసుకోవాలి, మైకులు చూసుకోవాలి, సయా నా పేరు పెట్టి పిలుస్తున్నాడు. "కచేరీ అయిపోనీ. తీరుబాటుగా మాటాడుకుందాం," అన్నాను.

"ఇప్పుడే మాటాడాల."

"గంటన్నర పని. అక్కడ కూకో, ముందు వరసలో. నీకో ఇశేషం ఉన్నాది."

క్యారేజీ నా పెట్టె పక్కన పెట్టి వెళ్ళి కూర్చుంది.

ఆ పాట చివర్లో ఉంచాం. గాయకుడు మైకు పట్టుకుని, ఈ పాటలో ఇల్లు కల్పన కాదని, ఆ ఇంటావిడ ఈ మైదానంలోనే ఉందని చెప్పాడు. జనం కేకలు పెట్టారు. నేను లేచి నిలబడి, చేతిలోని ఇనప కడ్డీతో ఆమెని చూపించాను. ఆమె సిగ్గుపడి నవ్వుతుందని, జనం చప్పట్లు కొడతారని, ఇన్నేళ్ళ ఎదురుచూపుకి అది ప్రతిఫలమని నేను అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను. దయచేసి అది నమ్మండి, ఎందుకంటే నా తప్పు అందులోనే ఉంది.

పాట మొదలైంది. వెనక వరసల నుంచి ఎవడో అరిచాడు: "అక్కా! ఇవాళ కూడా తీసే ఉందా?" నవ్వులు. ఇంకొకడు: "ఏ టైముకి రమ్మంటావు?" ఆమె ఫ్యాక్టరీ మనుషులు కొందరు ఆమెని పేరు పెట్టి పిలిచారు. వెయ్యి గొంతులు గెడ వెయ్యలేదన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఆమె వైపు తిరిగి పాడాయి.

ఆమె లేచింది. నా వైపు చూసింది. కోపంగా కాదు. స్టాపులో నిలబడ్డ మనిషి దూరం నుంచి వస్తున్న బస్సు నంబరు చూసి, ఇది మనది కాదులే అనుకున్నట్టు చూసింది. తరవాత జనం మధ్యలోంచి బయటికి నడిచింది. దారి ఇచ్చారు, కానీ పాడుతూనే దారి ఇచ్చారు.

నా పక్కన ఫిడేలు ఆగిపోయింది. ఆయన ఫిడేలుని కుర్చీలో పెట్టి, వేదిక దిగి, ఆమె వెనకే వెళ్ళాడు.

నేను వాయించాను. ఇంకా రెండు చరణాలు ఉన్నాయి. మొదలుపెట్టిన పాట ఆపకూడదన్నది మా వృత్తిలో మొదటి పాఠం. మూడో చరణం ముందు గిటారు ఒంటరిగా పలికే చోటు ఒకటి ఉంది. ఆ రోజు వాయించినంత బాగా నేను ఎన్నడూ వాయించలేదని తరవాత అందరూ అన్నారు. అయ్యుండొచ్చు.

మేము సామాను సర్దుతుంటే ఫిడేలాయన తిరిగి వచ్చాడు. నా ముందు నిలబడ్డాడు.

"బస్సు ఎక్కించాను. చేతికి ఏమైందో అడిగావా?"

"మిషను తగిలిందేమో అన్నాను."

"అన్నావు. అడగలేదు," అన్నాడు. నాకు చెప్పడానికి తెచ్చుకున్న పావుగంటని ఆమె బస్సు స్టాపులో ఆయన దగ్గర ఖర్చుపెట్టింది. రెండు వారాల కిందట ఆదివారం మధ్యాహ్నం, ఆమె పడుకుని ఉండగా, ఎవడో తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. తాగి ఉన్నాడు. ఆ పాటే పాడుతూ వచ్చాడు. ఆమె చేతికందిన దానితో కొట్టి తరిమింది. ఆ విసురులో మణికట్టు బెణికింది.

నేను తాకేటా బస్సు ఎక్కాను. ఆ ప్రయాణమంతా ఏం చెప్పాలో కట్టుకుంటూ వెళ్ళాను. మాటలు కట్టడం నా పనే కదా.

ఇంటికి చేరేసరికి మూడు దాటింది. ఆమె గడప లోపల కూర్చుని ఎడమ చేత్తో గోంగూర తుంచుతోంది. తలుపుకి లోపలివైపు కొత్తగా ఇనప కమ్మీ బిగించి ఉంది. నేను అడిగిన మొదటి మాట ఎంత తెలివితక్కువదో చూడండి.

"ఎవడాడు?"

"నీకెందుకు? నువ్వేటి సేస్తావు? ఎల్లి ఆడి ముందర గిటారు వాయిస్తావా?"

"వార్డు పెద్దకి చెప్పావా?"

"సెప్పినాను. నవ్వినాడు. 'గెడ నేదు, రమ్మని మీ ఆయనే కదమ్మా రాసినాడు,' అన్నాడు. 'రాసినాయన ఒచ్చాక మాటాడదాంలే,' అన్నాడు."

"నాకు ఫోను చెయ్యాల్సింది కాదేటి?"

గోంగూర పక్కన పెట్టింది. "ఫోన్లో సెప్తే పాటైపోతాది," అంది.

నేను కింద కూర్చున్నాను. నీ మీద ప్రేమతోనే రాశానని, ఊళ్ళన్నీ నీ ప్రేమ గురించి పాడుతున్నాయని చెప్పాను. బస్సులో కట్టుకున్న మాటలన్నీ వరసగా చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది.

"నానేటన్నాను ఆరోజు? నువ్వొత్తావని కాదు, అన్నాను. నువ్వేటి రాసినావు? నువ్వొత్తావనే అని రాసినావు. అలిసిపోయి పడున్నదాన్ని పట్టుకెల్లి, నీకోసం కాసుక్కూసున్నట్టు సూపించినావు. నాను నీకు సెప్పుకున్నాను. నువ్వు ఊరికి సెప్పినావు. అదీ నానన్న మాట కాదు."

ఆరోజు చెప్పబోయి మరిచిపోయానన్న ఆ రెండో మాట ఏమిటని అడిగాను.

"మరిసిపోనేదు," అంది. "నన్ను కూడా తీసుకెల్లమని అడగాలనుకున్నాను. ఫేటరీ మానేసి నీతో ఒత్తాను, మీ ఎనమండుగురికీ వండి పెడతాను, బండిలో ఓ మూల కూకుంటాను అని. వారం రోజులు కూడబలుక్కున్నాను ఆ మాట. ఒక్క నిమిషం ఆగమన్నావు. ఆగినాను."

వీధిలో ఎవరో సైకిలు మీద వెళ్తూ గంట కొట్టారు. ఆమె ముఖం తుడుచుకుని, మామూలు గొంతుతో అంది.

"రేపు బండెక్కకు. నేదా, ఆ పాట పాడొద్దని మీ సయాతో సెప్పు. రెండిట్లో ఒకటి సెయ్యి. ఇంకేటీ అడగను."

ఆ రెండిట్లో తేలికైనది ఏదో చూసుకుని, వెంటనే సంచౌంగ్‌లో సయా ఇంటికి బయల్దేరాను. ఆయన అప్పుడే స్నానం చేసి లుంగీ మార్చుకుని, టీ తాగుతున్నాడు. అంతా విన్నాడు. చెడ్డమనిషి కాదు, బాధపడ్డాడు. కానీ తల అడ్డంగా ఊపాడు.

"తమ్ముడూ, దక్షిణం ఊళ్ళన్నీ మనల్ని పిలిచింది ఆ పాట కోసమే. అది ఇప్పుడు నాదీ కాదు, నీదీ కాదు. మనం మానేసినా జనం మానరు."

"అయితే నేను రాను," అన్నాను.

సయా కప్పు కింద పెట్టాడు. "నీ ఇష్టం. గిటారుకి మనిషి దొరుకుతాడు. నేను నిన్ను తప్పుపట్టను," అన్నాడు.

బతిమాలతాడనుకున్నాను. నువ్వు లేనిదే ఆ పాట లేదంటాడనుకున్నాను. గిటారుకి మనిషి దొరుకుతాడు అన్నాడు, ఎంత మెల్లగానో. నా కుర్చీలో ఇంకొకడు కూర్చుని, మూడో చరణం ముందు ఆ ముక్క వాయించడం నాకు కళ్ళకి కట్టింది. ఆ బొమ్మని భరించలేకపోయాను. మా ఇంట్లోకి తోసుకొచ్చినవాడి బొమ్మని మాత్రం అప్పటికే భరించేశాను. ఇది రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

నా ముఖం చూసి సయానే ఒక దారి చెప్పాడు. "పోనీ, తలుపు రంగు మారుద్దాం. సందు పేరు తీసేద్దాం. అప్పుడు ఎవరి ఇల్లో ఎవరికి తెలుస్తుంది?"

వెంటనే ఒప్పుకున్నాను. పెద్ద విజయం సాధించినవాడిలా, దీపాలు పెట్టేవేళకి తాకేటా చేరాను.

"రంగు మార్పించినాను," అన్నాను. "ఇకనుంచి ఎర్ర తలుపు. సందు పేరు కూడా ఉండదు."

ఆమె నన్ను చూసింది. తరవాత నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక గోడకి ఆనుకుని నవ్వింది. అంతగా నవ్వగా నేను చూడలేదు. నేనూ కొంచెం నవ్వాను, రాజీ కుదిరిందనుకుని. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుని, "అన్నం తిను," అంది.

మర్నాడు పొద్దున్న మూడు వారాలే అని చెప్పి బయల్దేరాను. బండి దగ్గర ఎనిమిది మందికి ఏడుగురమే ఉన్నాం. ఫిడేలాయన రానని కబురు పెట్టాడు. నాకు ఫోను చేస్తే ఎత్తి, ఒక్క మాట చెప్పాడు: "నాకు ఇద్దరు కూతుళ్ళున్నారు. ఆ పాట నేను ఇంక వాయించలేను." ముప్ఫై ఏళ్ళ పని, వేరే బతుకుతెరువు లేని మనిషి, తన భార్య కాని మనిషి కోసం మానేశాడు. ఆయన సీటులో మేము గిటారు పెట్టెలు పేర్చుకున్నాం. బండి కదిలాక కాళ్ళు చాపుకోవడానికి చోటు కలిసొచ్చిందని డ్రమ్ములవాడు అంటే అందరం నవ్వాం.

మూడు వారాలు నీళ్ళ పండగ దాకా సాగాయి. మొదట్లో ఫోను చేస్తే "ఊ" అనేది, "తిన్నాను" అనేది. ఒకరోజు ఫోను వాళ్ళ అక్క ఎత్తింది. "అది ఇక్కడ మా ఇంట్లో ఉన్నాది. బాగున్నాది. నువ్వు ఇంక ఫోను సెయ్యకు నాయినా," అంది. ఆ అక్క ఉండేది సంచౌంగ్‌లో. సయా ఇంటికి నాలుగు సందుల అవతల.

ఏప్రిల్లో ఇంటికి వచ్చాను. తాళంచెవి పక్కింటి ముసలమ్మ ఇచ్చింది. నా బట్టలు మడతపెట్టి ఉన్నాయి. గిన్నెలు బోర్లించి ఉన్నాయి. ఆమెవి ఏవీ లేవు. కోవెల పెద్దలు ఇద్దరు మధ్యవర్తులుగా వెళ్ళారు. ఆమె వాళ్ళకి కాఫీ ఇచ్చి, నా మీద ఒక్క చెడ్డమాట కూడా చెప్పకుండా, రానని చెప్పి పంపింది. కొట్టాడా అని అడిగారట, లేదంది. తాగుతాడా అంటే లేదంది. మరి ఏం చేశాడమ్మా అంటే, పాట రాశాడంది. పెద్దలు నా దగ్గరికి వచ్చి, ఆడదానికి కొంచెం మతి చలించినట్టుంది బాబూ, అన్నారు. నేను ఆ మాటని ఖండించలేదు.

ఇక్కడ నేను బ్యాండు మానేశానని రాస్తే మీకు నచ్చేది. మానలేదు. ఇంకా ఆరేళ్ళు వాయించాను. ప్రతి ఊళ్ళోనూ ఆ పాట వాయించాను. ఎర్ర తలుపు అన్న మాట రెండు ఊళ్ళలో పాడి చూశాం, జనం ఒప్పుకోలేదు, నీలం అనే అరిచారు. మళ్ళీ నీలమే అయింది. ఆమె వెళ్ళిపోయాక ఆ పాటకి ఇంకో కథ కూడా తోడైంది. రాసినవాడిని ఆ అమ్మాయి వదిలేసిందట అని చెప్పుకుని జనం నన్ను జాలిగా చూసేవారు. ఆ జాలిని కూడా నేను కాదనలేదు. తరవాత కరోనా జబ్బు రోజులొచ్చి తిరునాళ్ళు ఆగాయి. ఆ వెనక దేశంలో గొడవలై దారులు పాడయ్యాయి. చివరికి నా ఎడమ చేతి వేళ్ళు బిగుసుకుపోయాయి. నా ఉద్యోగం నేను మానలేదు, అదే నన్ను మానేసింది.

మీలో ఒకమ్మాయి మొన్న అడిగింది: పాటకి తిరుగుతూ ఇంట్లో మనిషిని కూడా నిలబెట్టుకోవడం కుదురుతుందా అని. కుదురుతుంది. మా హార్మోనికా అతనికి కుదిరింది. ఆరునెలలు నాలాగే తిరిగాడు, నలుగురు మనవలున్నారు. అతను ఏం చేసేవాడో నేను ఎప్పుడూ గమనించలేదు. ఫోను మాట్లాడేటప్పుడు మాకు దూరంగా వెళ్ళి, గోడవైపు తిరిగి నిలబడేవాడని మాత్రం గుర్తుంది. మేమంతా వెక్కిరించేవాళ్ళం. అంతకుమించి నా దగ్గర సలహా లేదు. దూరం వల్ల నా కాపురం పోయిందని చాలాకాలం అందరికీ చెప్పుకున్నాను. దూరం పాపం ఏమీ చెయ్యలేదు. ఆమె దూరం నుంచే నాతో ఎక్కువ మాట్లాడింది.

పోయిన ఏడాది వానలు తెరిపిచ్చిన ఒక పొద్దున్న, ఒక కుర్రాడి గిటారుకి తీగలు కొందామని సంచౌంగ్ వెళ్ళాను. బజారులో కూరగాయల వరస దాటుతుంటే ఆమె ఎదురైంది. జుట్టు నెరిసింది. కళ్ళజోడు పెట్టుకుంది. ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడుతోందని అంతకుముందే విన్నాను. పక్కన ఉన్న అమ్మాయి, వాళ్ళ అక్క మనవరాలు కాబోలు, నన్ను చూసి బర్మా భాషలో ఎవరు అని అడిగింది.

"తాకేటాలో తెలిసినాయన," అంది ఆమె.

ఆమే నా చేతుల వైపు చూసి, పొరుగువాళ్ళని పలకరించినట్టు నెమ్మదిగా పలకరించింది.

"బాగున్నారా? సేతి ఏళ్ళు నొప్పా మీకు?"

పదకొండేళ్ళు కాపురం చేశాం. ఆ పదకొండేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా నన్ను మీరు అనలేదు. కోపంలో గానీ, కొత్తలో గానీ, చివరి రోజున గానీ అనలేదు.

"కొంచెం నొప్పి," అన్నాను. "మీరు బాగున్నారా?"

"బాగున్నాను," అంది. సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, ఆ పిల్లతో కలిసి వెళ్ళిపోయింది.